వైద్య విద్యార్థులకు పరిశోధన పత్రాలు వెతకడం నేర్పాలంటే ఏ పద్ధతి ఎంచుకోవాలి?

ఇచ్ఛాపురం, కవిటి, సోంపేట వైపు నుంచి వచ్చే కిడ్నీ రోగులను చూడకుండా బరంపురంలో వైద్య విద్య పూర్తిచేసేవారు అరుదు. జిల్లా కేంద్రం శ్రీకాకుళమే అయినా, ఉద్దానం ఉత్తరపు కొసన ఉన్న పల్లెలవారికి రాష్ట్రం దాటి బరంపురం రావడమే దగ్గర. అలాంటి ఒక రోగికి కేస్ షీట్ రాసిన రోజు సాయంత్రం మూడో సంవత్సరం విద్యార్థిని ఒకామె నా గదికి వచ్చి, "మేడమ్, ఈ జబ్బుకు కారణం తెలియదని పుస్తకంలో ఒక్క వాక్యం రాసి వదిలేశారు. ఇంకెక్కడా ఏమీ లేదా?" అని అడిగింది. వైద్య పరిశోధన పత్రాల డేటాబేస్ అయిన పబ్‌మెడ్ తెరిచి ఆమెనే వెతకమన్నాను. 'ఉద్దానం' అని ఒక్క మాట టైపు చేసింది. కొద్ది పత్రాలే వచ్చాయి. అంతేనా అన్నట్టు నా వైపు చూసింది.

ఇదే తీరు జబ్బు శ్రీలంక ఉత్తర మధ్య ప్రాంతపు రైతుల్లోనూ, నికరాగువా, ఎల్ సాల్వడార్ చెరకు కూలీల్లోనూ ఉందని, అక్కడివాళ్లు దానిని మరో పేరుతో రాస్తారని చెప్పాను. ఆ పేర్లన్నీ కాగితం మీద ఒకదాని కింద ఒకటి రాయించాను: ఉద్దానం నెఫ్రోపతీ (నెఫ్రోపతీ అంటే కిడ్నీ జబ్బు), సీకేడీయూ (కారణం తెలియని దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు), మీసోఅమెరికన్ నెఫ్రోపతీ, వ్యవసాయదారుల్లో వచ్చే దీర్ఘకాలిక ఇంటర్‌స్టీషియల్ నెఫ్రైటిస్. జబ్బు కారణం అని అర్థమిచ్చే 'ఇటియాలజీ' అనే మాటను బ్రిటిష్ వారు ఒక రకంగా, అమెరికన్లు మరో రకంగా రాస్తారు. ఒకరు 'అన్‌నోన్' అంటే మరొకరు 'అన్‌సర్టెన్' అంటారు. అన్నిటినీ 'లేదా' అని అర్థమిచ్చే 'ఆర్' అనే మాటతో కలిపి, మొత్తాన్ని ఒక బ్రాకెట్‌లో పెట్టి మళ్లీ వెతికితే, ఒక్క సాయంత్రంలో చదవలేనన్ని పత్రాలు తెర మీదికి వచ్చాయి. దీనికంతటికీ పావుగంట పట్టింది.

దక్షిణ ఒడిశాలో 1962లో మొదలైన బరంపురం మహారాజా కృష్ణచంద్ర గజపతి వైద్య కళాశాల, 2017లో మొదలైన కొరాపుట్ శహీద్ లక్ష్మణ్ నాయక్ వైద్య కళాశాల ఉన్నాయి. వీటిలోనూ, సరిహద్దుకు అటూ ఇటూ ఉన్న మిగతా కళాశాలల్లోనూ చదివేవారిలో, పాఠం చెప్పేవారిలో తెలుగువారు తక్కువేమీ కాదు. ఆ అధ్యాపకుల కోసం, వారి దగ్గర చదివే పిల్లల కోసం ఈ పోలిక రాస్తున్నాను. వెతకడం నేర్పడానికి మన ముందు మూడు దారులు ఉన్నాయి: మొదటిది రెండు రోజుల వర్క్‌షాపు, రెండోది ఆన్‌లైన్ కోర్సు, మూడోది వార్డులోని రోగి నుంచే ప్రశ్న తీసుకుని వారం వారం కొంతసేపు వెతికించడం. మూడింటినీ నేను దగ్గరగా చూశాను, మూడోదానినే ఎంచుకోమంటాను. అయితే అది అందరికీ, అన్ని సందర్భాలకూ సరిపోదు కనుక దేనికి ఏది తగినదో వివరంగా చెప్పాలి.

వెతకడం తెలియకపోతే ఏమవుతుందని అడిగే విద్యార్థులకు నేను 2001లో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంలో జరిగిన ఘటన చెబుతాను. ఉబ్బసం గురించిన ఒక ప్రయోగంలో స్వచ్ఛందంగా పాల్గొన్న 24 ఏళ్ల ఆరోగ్యవంతురాలి చేత హెక్సామెథోనియం అనే మందును పీల్పించారు. ఊపిరితిత్తులు దెబ్బతిని ఆమె నెల తిరిగేలోపు చనిపోయింది. ఆ మందు ఊపిరితిత్తులకు హాని చేయగలదని 1950లలోనే పత్రాలు వచ్చి ఉన్నాయి. కానీ ప్రయోగానికి ముందు ప్రధానంగా వెతికిన పబ్‌మెడ్‌లో అప్పట్లో 1966 నుంచి వచ్చిన పత్రాలే ఉండేవి. వెతికిన చోట దొరకకపోవడమూ, అసలు లేకపోవడమూ ఒకటి కాదని విద్యార్థికి ఎంత చెప్పినా తక్కువే.

వర్క్‌షాపు

వర్క్‌షాపు పెట్టడం కళాశాలకు సులువు. ఒకసారి అనుమతి తీసుకుంటే చాలు, బయటి నుంచి ఒక నిపుణుడిని పిలిస్తే చాలు, చివర్లో అందరికీ సర్టిఫికెట్ ఇవ్వవచ్చు. ఆ రెండు రోజుల్లో విద్యార్థి చాలా విషయాలు వింటాడు కూడా. ఇబ్బంది అంతా ఆ తర్వాత మొదలవుతుంది. కొన్నేళ్ల కిందట నేను పాల్గొన్న ఒక వర్క్‌షాపులో 120 మంది విద్యార్థులకు 30 కంప్యూటర్లు ఉన్నాయి. ఒక్కో యంత్రం ముందు నలుగురు కూర్చుంటే, కీబోర్డు మీద చెయ్యి పెట్టినవాడు ఒక్కడే, మిగతా ముగ్గురూ చూస్తూ ఉండిపోయారు. మూడు నెలల తర్వాత అదే బ్యాచ్‌ను వార్డులో ఒక ప్రశ్న అడిగి జవాబు వెతుక్కు రమ్మంటే, దాదాపు అందరూ ఫోనులో మామూలు గూగుల్ తెరిచి మొదటి పేజీలో కనబడినదే చదివి వచ్చారు. తప్పు పిల్లలది కాదు. వర్క్‌షాపులో వెతికిన ప్రశ్న నిపుణుడిదే గాని వాళ్లది కాదు. వాళ్లకు అవసరం లేని జవాబు కోసం వేళ్లు కదిలించారు, అవసరం పడినప్పుడు ఆ కదలిక గుర్తుకు రాలేదు.

ఇది నా ఒక్కరి అనుభవం కాదు. సాక్ష్యాధారిత వైద్యం, అంటే పరిశోధన ఆధారాలను బట్టి చికిత్స చేయడం, నేర్పే పద్ధతుల మీద వచ్చిన అధ్యయనాలను పరిశీలించి 2004లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఒక సమీక్ష వచ్చింది. విడిగా పెట్టిన తరగతుల వల్ల తెలివిడి మాత్రమే పెరిగిందని, రోగుల పనిలో కలిపి నేర్పినప్పుడు తెలివిడితోపాటు నైపుణ్యం, దృక్పథం, ప్రవర్తన కూడా మారాయని అది తేల్చింది. ఆ సమీక్ష పోస్టుగ్రాడ్యుయేట్ శిక్షణ గురించినది కనుక ఎంబీబీఎస్ విద్యార్థులకు దానిని యథాతథంగా వర్తింపజేయకూడదు. అయినా అది చూపించే దిశ మన వార్డుల్లో మనం చూసేదానికి దగ్గరగానే ఉంది.

వర్క్‌షాపే సరైన ఎంపిక అయ్యే సందర్భమూ ఒకటుంది. ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) 1979లో మొదలుపెట్టిన షార్ట్ టర్మ్ స్టూడెంట్‌షిప్ అనే విద్యార్థి పరిశోధన పథకం కోసం ప్రాజెక్టు రాసే ఎంబీబీఎస్ విద్యార్థులు, థీసిస్ మొదలుపెట్టిన పీజీలు ఒక్క జవాబు కోసం వెతకరు. ఒక విషయం మీద వచ్చినదంతా వదలకుండా పట్టుకోవలసి ఉంటుంది. ఏ డేటాబేస్‌లో ఏ తేదీన ఏ మాటలతో వెతికారో రాసిపెట్టాలి, రెండు చోట్ల దొరికిన ఒకే పత్రాన్ని ఒకసారే లెక్కించాలి, జోటెరో లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌లో దాచుకోవాలి. ఇలాంటి పనికి వరసగా రెండు రోజుల సమయం అవసరం, వాళ్ల ప్రశ్న కూడా వాళ్ల చేతిలోనే ఉంటుంది. అప్పుడు పదిహేను మందికి మించకుండా, ఒక్కొక్కరికి ఒక్కో కంప్యూటర్ ఉండేలా పెట్టాలి.

ఆన్‌లైన్ కోర్సు గురించి క్లుప్తంగా చెబుతాను. చెన్నైలోని ఐసీఎంఆర్ జాతీయ సాంక్రమిక వ్యాధి శాస్త్ర సంస్థ నడిపే బయోమెడికల్ పరిశోధన ప్రాథమిక కోర్సు పీజీలకు తప్పనిసరి. పత్రాల సమీక్ష కూడా అందులో ఒక పాఠం. పదో తరగతి దాకా ఒడియా మీడియంలోనో తెలుగు మీడియంలోనో చదివి వచ్చిన పిల్లలకు ఇంగ్లీషు పాఠాన్ని ఆపి, వెనక్కి తిప్పి మళ్లీ వినగలగడం నిజమైన సౌకర్యం, దానిని తేలికగా తీసుకోకూడదు. కానీ తెర మీద మరొకరు వెతుకుతుంటే చూడడం ఈత గురించి వినడం లాంటిది. దానిని తోడుగా పెట్టుకోండి గాని దాని మీదనే ఆధారపడకండి.

వార్డు ప్రశ్న

మూడో దారికి కావలసింది వారానికి ఒక గంట, ఐదారుగురు విద్యార్థులు, నెట్ ఉన్న ఒక కంప్యూటర్, తనకు తెలియనిది తెలియదని పిల్లల ముందు ఒప్పుకోగలిగిన ఒక అధ్యాపకుడు. వీటిలో దొరకడం కష్టమైనది చివరిదే.

వానలు వెనకబట్టాక మన వైపు వార్డుల్లో కనబడే స్క్రబ్ టైఫస్‌నే (చిన్న పురుగు కాటుతో వచ్చే జ్వరం) ఉదాహరణగా తీసుకుందాం. జ్వరంతో వచ్చిన రోగి చంకలో నల్లటి పొక్కు ఎండి చెక్కు కట్టి ఉంది, ఊపిరి అందడం లేదు, కాలేయపు పరీక్షలూ చెడిపోయాయి. యూనిట్‌లో డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ మొదలుపెట్టారు. ఒక విద్యార్థి, "మేడమ్, అజిత్రోమైసిన్ కూడా కలిపితే మంచిదా?" అని అడిగాడు. ఆ ప్రశ్నను అలాగే కంప్యూటర్ ముందుకు తీసుకుపోకూడదు. ముందు దానిని నాలుగు ముక్కలుగా కాగితం మీద రాయించాలి: రోగి ఎలాంటివాడు, ఇవ్వదలచిన చికిత్స ఏది, దేనితో పోలుస్తున్నాం, ఏ ఫలితం కోసం చూస్తున్నాం. ఈ రాత ఇంటి భాషలోనే మొదలుపెట్టమని నేను గట్టిగా చెబుతాను. ఇంగ్లీషులో రాయమంటే విద్యార్థి పుస్తకంలోని వాక్యాన్ని గుర్తుచేసుకుని దించేస్తాడు. తెలుగులోనో ఒడియాలోనో రాయమంటే రోగిని గుర్తుచేసుకుంటాడు. 'అవయవాలు దెబ్బతిన్న రోగి' అనే మాట అప్పుడే పడుతుంది, వెతుకులాట అంతా ఆ మాట మీదే ఆధారపడి ఉంటుంది.

ఇప్పుడు వెతికిస్తే ఏమవుతుందో చూడండి. చికిత్సల మీద వచ్చిన అధ్యయనాలను కలిపి సమీక్షించే కాక్రేన్ లైబ్రరీలో స్క్రబ్ టైఫస్ యాంటీబయాటిక్స్ మీద 2018 నాటి సమీక్ష దొరుకుతుంది. టెట్రాసైక్లిన్, డాక్సీసైక్లిన్, అజిత్రోమైసిన్, రిఫాంపిసిన్ పనిచేస్తాయని, వీటితో చికిత్స విఫలం కావడం అరుదని అది చెబుతుంది. దానితో ఆగిపోతే మన రోగికి జవాబు దొరకనట్టే. పబ్‌మెడ్‌లో క్లినికల్ క్వెరీస్ అనే విభాగానికి వెళ్లి, చికిత్స అనే వడపోత పెట్టి వెతికితే, 2023లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చిన భారతీయ ట్రయల్ బయటపడుతుంది. అందులోనివారంతా తీవ్రమైన స్క్రబ్ టైఫస్ రోగులు. రెండు మందులూ కలిపి నరానికి ఎక్కించినవారిలో, మరణం, తగ్గని జ్వరం, తగ్గని అవయవ సమస్య అనే మూడింటినీ కలిపి చూసిన ప్రధాన ఫలితం 33 శాతం మందిలో కనబడింది. డాక్సీసైక్లిన్ ఒక్కటే ఇచ్చినవారిలో అది 47 శాతం, అజిత్రోమైసిన్ ఒక్కటే ఇచ్చినవారిలో 48 శాతం. మరణాలను విడిగా చూస్తే మాత్రం స్పష్టమైన తేడా లేదు. ఈ చివరి వాక్యాన్ని విద్యార్థి తనంతట తాను గమనించి చెప్పేదాకా నేను తొందరపెట్టను. మర్నాడు రౌండ్స్‌లో అతడే నిలబడి రెండు నిమిషాల్లో యూనిట్‌కు చెప్పాలి. ఏ మందు ఇవ్వాలో తేల్చేది యూనిట్ పెద్దే. కానీ ఆ రెండు నిమిషాలు చెప్పిన విద్యార్థి వెతికే పద్ధతిని ఇక మరిచిపోడు.

ఈ దారిలో ఇబ్బందులు లేకపోలేదు. డెంగీ రోజుల్లో వార్డు నిండిపోయి గంట దొరకదు. కొన్ని వారాలు వెతికినా సరైన పత్రం దొరకదు, అప్పుడు పిల్లలు నిరుత్సాహపడతారు. సర్టిఫికెట్ ఉండదు కనుక దీనిని ఎవరూ లెక్కలోకి తీసుకోరు. ఇంకా ముఖ్యమైనది, బ్యాచ్ మొత్తానికి ఒకేసారి ఇలా నేర్పడం సాధ్యం కాదు. అందుచేత ముందు లైబ్రరీలో రెండు గంటల ప్రాథమిక తరగతి ఒకటి పెట్టి, తర్వాత మెడిసిన్‌లోనో పిల్లల విభాగంలోనో ఒక్క యూనిట్‌తో మొదలుపెట్టండి. పోస్టింగులు మారుతుంటాయి కనుక ఏడాది తిరిగేసరికి చాలామంది ఆ యూనిట్ గుండా వెళ్తారు. 2019లో వచ్చిన కొత్త పాఠ్యప్రణాళిక ఎంబీబీఎస్ పట్టభద్రుడు జీవితాంతం నేర్చుకునేవాడు కావాలని కోరుతోంది కనుక, కళాశాల పెద్దలను అడగడానికి ఆధారం కూడా మీకు ఉంది.

ఎక్కడ వెతికించాలి

పద్ధతి కుదిరాక సాధనం ప్రశ్న వస్తుంది. మొదటి ఏడాది పబ్‌మెడ్ ఒక్కటే నేర్పండి. అమెరికా జాతీయ వైద్య గ్రంథాలయం నడిపే ఈ డేటాబేస్ ఉచితం. మీరు టైపు చేసిన మాటలను అది ఎలా అర్థం చేసుకుందో అడ్వాన్స్‌డ్ పేజీలోని 'డీటెయిల్స్' కింద విప్పి చూపిస్తుంది. ఆ వరసను విద్యార్థి చేత గట్టిగా చదివించండి. తాను రాసిన రెండు మాటలకు ఎన్ని పర్యాయపదాలు కలిశాయో, ఎక్కడ ఉద్దేశం తప్పిపోయిందో అక్కడే తెలుస్తుంది. పత్రాలకు విషయాన్ని బట్టి ముద్రవేసే మెష్ పదాలు చాలా ఉపయోగకరం, కానీ వాటినే నమ్ముకోవడం మనకు నష్టం. మన దేశపు జర్నళ్లు చాలావాటిలోని పత్రాలు పబ్‌మెడ్‌లో ఉన్నా వాటికి మెష్ పదాలు ఉండవు. అందువల్ల మెష్ పదాన్నీ మామూలు మాటనూ 'ఆర్'తో కలిపి వెతకడం అలవాటు చేయాలి.

మన ప్రాంతం గురించి వెతికేటప్పుడు మరో జాగ్రత్త అవసరం. రాష్ట్రం పేరు 2011లో మారింది. కొరాపుట్ మలేరియా గురించి 'ఒడిశా' అని మాత్రమే రాసి వెతికితే, 'ఒరిస్సా' అని రాసిన పాత పత్రాలు తప్పించుకుపోవచ్చు. బరంపురాన్ని ఇంగ్లీషులో రెండు మూడు రకాలుగా రాస్తారు. మా విద్యార్థులు ఈ పేర్ల పట్టికను లైబ్రరీ గోడకు అంటించారు, మీరూ అలా చేయవచ్చు.

2004లో వచ్చిన గూగుల్ స్కాలర్ చాలామందికి ముందే అలవాటు. పత్రం లోపలి పాఠంలోనూ వెతుకుతుంది కనుక థీసిస్‌లు, నివేదికలు, చిన్న జర్నళ్ల పత్రాలు అందులో దొరుకుతాయి. ఉద్దానం లాంటి స్థానిక విషయానికి అది నిజంగా పనికివస్తుంది. అయితే ఎన్నిసార్లు ఉటంకింపబడిందనే దానికి అది ఎక్కువ విలువ ఇస్తుంది కనుక పాత పత్రాలు పైకి తేలుతాయి. ఎన్ని ఫలితాలు ఉన్నాయని చెప్పినా వెయ్యికి మించి చూపించదు. తాను ఏ జర్నళ్లను కలుపుకుందో బయటపెట్టదు. చికిత్స ప్రశ్నకు దానితో మొదలుపెట్టకండి, పబ్‌మెడ్ తర్వాత రెండో చోటుగా వాడండి. కాక్రేన్ మాటకొస్తే, స్థిరపడిన చికిత్సలకు మొదట అక్కడే చూడాలి, దాని తేదీని చూసి ఆ తర్వాత వచ్చినవాటిని పబ్‌మెడ్‌లో వెతకాలి. సారాంశాలూ, మామూలు మాటల్లో రాసిన సంక్షిప్తాలూ అందరికీ ఉచితంగానే ఉంటాయి.

చాట్‌బాట్‌ల గురించి ఇప్పుడు ప్రతి విద్యార్థీ అడుగుతున్నాడు. వాటిని నిషేధించడం నాకు ఇష్టం లేదు. ఒక జబ్బుకు ఎన్ని పేర్లు ఉన్నాయో, ఒక మందుకు ఏ పర్యాయపదాలు ఉన్నాయో జాబితా తయారుచేయడానికి అవి బాగా ఉపయోగపడతాయి. పత్రాల వివరాలు అడిగితే మాత్రం లేని పత్రాన్ని ఉన్నట్టు, నమ్మదగిన పేర్లతో, జర్నల్ సంపుటి సంఖ్యతో సహా కల్పించి ఇవ్వగలవు. కాబట్టి మాటల కోసం వాడనివ్వండి, పత్రం మాత్రం పబ్‌మెడ్‌లో కళ్లతో చూశాకే నమ్మమనండి.

పత్రం దొరికాక పూర్తి పాఠం అందడం మరో సమస్య. ప్రభుత్వ కళాశాలలో ఉన్నవారికి ఇది ఇప్పుడు తేలికపడింది. 2025 జనవరి 1న మొదలైన 'ఒక దేశం ఒక చందా' పథకం కింద కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వ విద్యాసంస్థలకు 30 ప్రచురణ సంస్థల జర్నళ్లు సుమారు 13 వేలు తెరిచి ఉంచారు. మీ కళాశాల ఈ పథకాన్ని అమలుచేసే ఇన్‌ఫ్లిబ్‌నెట్ సంస్థ ద్వారా నమోదైందో లేదో లైబ్రేరియన్‌ను అడగండి. నమోదైన తర్వాత కూడా విద్యార్థులకు ఆ సంగతి చెప్పేవారు లేక వాడకుండా ఉండిపోయిన చోట్లు ఉన్నాయి. ప్రైవేటు కళాశాలలవారు పబ్‌మెడ్‌లోనే 'ఫ్రీ ఫుల్ టెక్స్ట్' వడపోతను చివరి మెట్టుగా వాడుకోవాలి. మొదటే పెడితే మంచి పత్రాలు కనబడకుండానే పోతాయి. దొరకని పత్రం కోసం రచయితకు మర్యాదగా ఒక ఈమెయిల్ రాస్తే తరచుగా పంపిస్తారు.

ఎలా కొలవాలి అన్నది ఆఖరి ఎంపిక. బహుళైచ్ఛిక ప్రశ్నలు దిద్దడం తేలికే గాని, వెతికే మాటలను కలిపే 'ఆండ్' అంటే ఏమిటో తెలిసినవాడికీ దానిని సరైన చోట వాడగలిగినవాడికీ తేడా వాటిలో తెలియదు. సాక్ష్యాధారిత వైద్యంలో నైపుణ్యాన్ని కొలిచే, 2003లో ప్రచురితమైన ఫ్రెస్నో పరీక్ష సొంత మాటల్లో జవాబు రాయిస్తుంది కనుక మెరుగైనది, కానీ దిద్దడానికి సమయం పడుతుంది. మా దగ్గర ఒక్కొక్కరికీ ఒక నోటుబుక్కు ఇచ్చాం. ఒక్కో ప్రశ్నకు ఒక పేజీ. అందులో ఇంటి భాషలో రాసిన ప్రశ్న, వాడిన ఇంగ్లీషు మాటలు, ఎన్ని పత్రాలు వచ్చాయో ఆ సంఖ్య, చదివిన ఒకటి రెండు పత్రాలు, రౌండ్స్‌లో చెప్పిన రెండు వాక్యాలు ఉంటాయి. దిద్దేటప్పుడు నేను మొదట చూసేది కొట్టివేతలను. మొదటి ప్రయత్నం మీద గీత గీసి, కింద కొత్త మాటలు చేర్చి, పక్కన సంఖ్య మళ్లీ రాసి ఉంటే ఆ పేజీకి పూర్తి మార్కులు వేస్తాను. ఆ ఉద్దానం అమ్మాయి పేజీలో నాలుగు కొట్టివేతలు ఉన్నాయి.